నామినీ తమ్ముడైతే నాన్న డబ్బంతా తమ్ముడిదేనా?

చీపురుపల్లి ఆడపడుచు:
నాన్న పోయి నెలన్నర అయింది. మేం ముగ్గురం. నేను విజయనగరంలో, చెల్లి చెన్నైలో, తమ్ముడు చీపురుపల్లి దగ్గర మా ఊళ్లోనే అమ్మానాన్నల దగ్గర. నాయనమ్మ కూడా వాడి దగ్గరే ఉంటుంది, ఎనభై దాటాయి. నాన్న బియ్యం డ్రమ్ములో ప్లాస్టిక్ కవరు చుట్టి దాచిన పాస్‌బుక్కూ ఎఫ్‌డీ కాగితమూ పెద్దకర్మ అయ్యాక తీశాం. ఎఫ్‌డీ ఆరు లక్షలు, నామినీ తమ్ముడు. సేవింగ్స్‌కి నామినీ ఎవరూ లేరు. తమ్ముడు ఒకటే మాట మీద ఉన్నాడు: "ఎఫ్‌డీకి నాన్నే నా పేరు రాశాడు, అది నాది. సేవింగ్స్ అందరం పంచుకుందాం, మీరిద్దరూ వచ్చి సంతకాలు పెట్టండి." బ్యాంకులో అడిగితే నామినీకే ఇస్తామన్నారు. అమ్మేమో "వాడికే వదిలీయండే" అంటోంది. డబ్బు కోసం కొట్టుకునే మనిషిని కాను గానీ ఇది న్యాయమేనా అన్నది మనసులో తొలుస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి గట్టు:
అందులో అడగడానికేముందమ్మా? మీ నాన్నగారికి ముగ్గురు పిల్లలున్న సంగతి తెలీక కాదు కదా ఒక్క పేరే రాసింది. ఎవరికి ఇవ్వాలనుకున్నారో రాసిపెట్టి వెళ్లారు. ఆయన మాట కాదనడం నాకైతే సబబుగా లేదు.

రాజాం రోడ్డు:
అప్పా, ఒక్క మాటడుగుతాను, కోపం తెచ్చుకోకు. నాన్న మంచాన పడినప్పుడు గుడ్డలు మార్సిందెవులు? సెలైన్ పట్టుకొని ఆటోలో కూకున్నదెవులు? సెన్నై నుంచి ఒచ్చి సేసినారేటి? మీ పెళ్లిళ్లకి పెట్టిన బంగారం, కట్నం లెక్కలోకి రావేటి? ఆడపిల్లల వాటా పెళ్లి పీటల మీదే ఎల్లిపోనాది. ఇప్పుడు ఎఫ్‌డీ దగ్గరికొచ్చి న్యాయం అంటే ఎలాగ?

చీపురుపల్లి ఆడపడుచు:
రాజాం రోడ్డు గారూ, నాన్నకి పక్షవాతం వచ్చి రెండేళ్లు మంచాన ఉన్నమాట నిజమే. మా మరదలు చేసింది, దండం పెట్టాలి. కాదని నేనెక్కడన్నాను?

కౌంటర్ నంబర్ 3:
శ్రీకాకుళం జిల్లాలో ముప్పై రెండేళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చుని రిటైరయ్యాను. నాగావళి గట్టు గారి మాట మీద నాకు తెలిసింది చెబుతాను.

నామినీ అంటే బ్యాంకు దగ్గర డబ్బు తీసుకునే చెయ్యి. అంతే. ఖాతాదారు పోయాక బ్యాంకు ఎవరి చేతిలో పెడితే దాని బాధ్యత తీరుతుందో ఆ మనిషి. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టంలో 45జెడ్‌ఏ సెక్షన్ ఇందుకే ఉంది. నామినీకి ఇచ్చేస్తే బ్యాంకుని ఇక ఎవరూ అడగడానికి లేదు. కానీ ఆ డబ్బు మీద వారసులకున్న హక్కు ఎక్కడికీ పోదు, వాళ్లు నామినీని అడగొచ్చు. 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అక్కడా "నామినీగా నా పేరే ఉంది, డబ్బంతా నాదే" అన్నదే నామినీ వాదన. ఒప్పుకోలేదు.

ఇక "ఆయనే ఆలోచించి రాశారు" అన్నది. నేను చూసిన నామినేషన్లలో సగానికి సగం ఎలా పడ్డాయో చెప్పనా? లంచ్ టైము దగ్గర పడుతుంటుంది, వెనకాల క్యూ ఉంటుంది, "నామినీ ఎవరండీ?" అని నేనే గట్టిగా అరుస్తాను. పెద్దాయన పక్కకి తిరుగుతాడు. ఆరోజు బండి మీద ఎక్కించుకొచ్చింది కొడుకైతే కొడుకు పేరు, అల్లుడైతే కూతురి పేరు. తెనాలి తమలపాకుల కట్ట కొన్నంతసేపు కూడా పట్టదు. మీ నాన్నగారు నిజంగానే కొడుక్కి ఇవ్వాలనుకుని ఉండొచ్చు, కాదనను. అలా అనుకుంటే వీలునామా రాయాలి. తెల్ల కాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసినా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అలాంటి కాగితం ఏదైనా ఉందా? డ్రమ్ములో మళ్లీ చూడండి.

నాగావళి గట్టు:
సార్, చట్టం సరే. కానీ ఒక పల్లెటూరి మనిషికి వీలునామా, నామినీ అనే తేడా ఎవరు చెప్పారు? మీరే చెప్పలేదంటున్నారు, అరిచామంటున్నారు! ఆయన దృష్టిలో ఆ గడిలో రాసిందే వీలునామా. మీ బ్యాంకు చేసిన పొరపాటుకి కొడుకు ఎందుకు నష్టపోవాలి?

కౌంటర్ నంబర్ 3:
దెబ్బ తగిలింది బాబూ, ఒప్పుకుంటాను. అయినా చట్టం ఆ గడిని వీలునామాగా చూడదు.

జీడితోట:
మాది పలాస. నేను జీడిపిక్కల బట్టీలో పని చేస్తాను. మా ఆయన పోయినప్పుడు నామినీని నేనే, గొడవ లేదు అనుకున్నాను. బ్యాంకుకెళ్తే వేలిముద్ర పెట్టమన్నారు. జీడి నూనె తగిలి తగిలి నా వేళ్ల మీద గీతలే లేవు. బొటనవేలు, చూపుడువేలు, ఎడమచెయ్యి, అన్నీ పెట్టించారు, మిషన్ ఎర్రలైటే. కొబ్బరినూనె రాసి తుడిచి మళ్లీ పెట్టమన్నాడొక కుర్రాడు. నాలుగుసార్లు తిరిగాను, నాలుగు రోజుల కూలి పోయింది. చివరికి ఒక మేడంగారు ఓటరు కార్డు చూసి, కాగితం మీద సంతకం చేయించి పని చేసిపెట్టింది.

ఇంకో సంగతి. పాస్‌బుక్కు ప్రింటు చేయించినప్పుడు మే నెలాఖరులో 436 రూపాయలు కట్ అయినట్టు ఉంది. ఇదేటి అని అడిగితే అప్పుడు చెప్పారు, జీవన్ జ్యోతి బీమా అని. రెండు లక్షలు వచ్చాయి. నేను అడక్కపోతే ఎవరూ చెప్పేవారు కాదు. మీరూ చూసుకోండమ్మా.

కౌంటర్ నంబర్ 3:
జీడితోట గారు మంచిమాట చెప్పారు. జీవన్ జ్యోతి 55 ఏళ్ల వరకే, ఆడపడుచుగారి నాన్నగారికి వర్తించకపోవచ్చు. 20 రూపాయలు కట్ అయ్యే సురక్ష బీమా 70 వరకు ఉంటుంది గానీ అది ప్రమాదానికే.

చీపురుపల్లి ఆడపడుచు:
నాన్నకి 66 అండి. వీలునామా ఏమీ లేదు, డ్రమ్ము అడుగుదాకా వెతికాం.

ఇక్కడ ఇంకోటి చెప్పాలి, మొదట దాచాను. సేవింగ్స్‌లో 83 వేలు ఉండాల్సింది, ఇప్పుడు 43 వేలే ఉన్నాయి. నాన్న పోయిన మర్నాడూ ఆ తర్వాత రోజూ తమ్ముడు కార్డుతో పదేసి వేలు నాలుగుసార్లు తీశాడు. అంత్యక్రియలకీ పెద్దకర్మకీ అన్నాడు. ఖర్చయింది, నా కళ్లారా చూశాను. కానీ ఒక్క మాట చెప్పి తీయొచ్చు కదా?

రాజాం రోడ్డు:
శవాన్ని ఇంట్లో పెట్టుకొని ఎవుల్ని అడగమంటావప్పా? కట్టెలోడు, టెంటోడు ఊరుకుంటారేటి? నేనూ మా నాయన కార్డుతో తీసినాను, దొంగతనం చేసినట్టు నాకు అనిపించలేదు.

కౌంటర్ నంబర్ 3:
మనిషి పోయిన క్షణం నుంచి ఆ కార్డు, పిన్ను, చెక్కుబుక్కు వాడే అధికారం ఎవరికీ లేదు, కొడుక్కైనా భార్యకైనా. కానీ ఇలా తీయని ఇల్లు నూటికి పది కూడా ఉండవని నాకూ తెలుసు. చావు ఖర్చుకి తీసి, రసీదులు దగ్గర పెట్టుకుని, పంపకంలో లెక్క చూపిస్తే సాధారణంగా గొడవ రాదు. పెన్షన్ ఖాతాతో మాత్రం ఆటలొద్దు. మా బ్రాంచీలో ఒకామె మావగారు పోయాక మూడు నెలలు పెన్షన్ తీస్తూ వచ్చింది. తర్వాత మొత్తం తిరిగి కట్టించాం. ఏడ్చుకుంటూ కట్టింది. నాకూ బాధేసింది.

ఖాతా అమ్మానాన్నలిద్దరి పేరా ఉండి "ఎవరైనా లేదా మిగిలినవారు" అని రాసి ఉంటే ఈ తంటా ఉండేది కాదు, అమ్మగారు మర్నాడే వెళ్లి తీసుకునేవారు.

కోర్టు గుమాస్తా:
విజయనగరంలో ఒక ప్లీడరుగారి దగ్గర పనిచేస్తాను. అందరూ మర్చిపోయిన మనిషి ఒకరున్నారు. నాయనమ్మగారు. కొడుకు వీలునామా రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లతో సమానంగా తల్లికీ ఒక వాటా. తండ్రి బతికున్నా ఆయనకి మొదటి వరుసలో ఉండదు, తల్లికి ఉంటుంది. మీ ఇంట్లో వాటాలు మూడు కాదు, నాలుగు కాదు, ఐదు. ఆరు లక్షలంటే తలా లక్షా ఇరవై వేలు.

రెండోది, "సంతకాలు పెట్టండి" అన్న కాగితం పూర్తిగా చదవండి. నామినీ లేని సేవింగ్స్‌కి మిగతా వారసుల ఒప్పుదల కావాలి, అది మామూలే. కానీ అందులో "నా తండ్రి యావదాస్తిపై నాకు హక్కు లేదు" అని ఒక లైను దూరుస్తారు. ఖాతా నంబరు వేసి, ఆ ఖాతా వరకే అని రాసి ఉంటేనే పెట్టండి.

మూడోది, బ్యాంకుకి అర్జీ పెట్టి ఎఫ్‌డీ ఆపించాలని చూడకండి. ఆగదు. కోర్టు ఉత్తర్వు ఉంటేనే నామినీకి ఇవ్వకుండా ఆపుతారు.

నాగావళి గట్టు:
అంటే లక్షా ఇరవై వేల కోసం తమ్ముడి మీద కోర్టుకెళ్లమంటారా? వాయిదాలకి తిరిగేసరికి అది ఆటో ఖర్చులకే పోతుంది.

కోర్టు గుమాస్తా:
వెళ్లమని ఎక్కడన్నాను? మా ప్లీడరుగారి పొట్ట కొట్టినట్టవుతుంది గానీ, వద్దనే చెబుతాను. హక్కు లేదని అనుకుని ఊరుకోవడం వేరు, ఉందని తెలిసి వదిలేయడం వేరు. రెండోదైతే తమ్ముడికీ తెలుస్తుంది, ఇచ్చింది ఎవరో.

కౌంటర్ నంబర్ 3:
సేవింగ్స్ గురించి. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త నిబంధనలు ఇచ్చింది, 2026 మార్చి 31 లోగా అన్ని బ్యాంకులూ అమలు చేయాలని. నామినీ లేకపోయినా 15 లక్షల దాకా సక్సెషన్ సర్టిఫికెట్ (వారసులు ఎవరో తేల్చి కోర్టు ఇచ్చే పత్రం) అడగకూడదు, సహకార బ్యాంకుల్లో 5 లక్షల దాకా. కాగితాలన్నీ ఇచ్చాక 15 రోజుల్లో తేల్చాలి, ఆలస్యం వాళ్లదైతే వడ్డీ కట్టాలి. మీ 43 వేలకి కోర్టు మెట్లెక్కాల్సిన పనిలేదు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అందరి ఆధార్లు, క్లెయిమ్ ఫారం, ఇండెమ్నిటీ బాండు (రేపు ఇంకెవరైనా అడిగితే బాధ్యత మాదే అని రాసిచ్చే హామీపత్రం) ఇస్తే చాలు. "కోర్టు నుంచి తెండి" అంటే రాసి ఇమ్మనండి, రాసివ్వరు. ఎఫ్‌డీని గడువు ముందే మూసినా, ఖాతాదారు పోయినప్పుడు జరిమానా కోయకూడదు.

రాజాం రోడ్డు:
మాస్టారూ, నాయనమ్మకి వాటా అన్నది నాకు తెలీదు. అది బాగానే ఉంది. ఆ ముసలామె ఏనాడైనా పది రూపాయలు కళ్లజూసిందేటి.

చీపురుపల్లి ఆడపడుచు:
నిన్న ఆదివారం ఊరెళ్లాను. చెల్లి వీడియోకాల్లో. ఐదు వాటాల సంగతి చెప్పాను. తమ్ముడు ముందు నమ్మలేదు, ఫోన్లో ఎవరినో అడిగొచ్చి మౌనంగా కూర్చున్నాడు. నా వాటా మరదలి పేర వేయమన్నాను, తమ్ముడికి కాదు, చేసింది ఆమె కాబట్టి. చెల్లి మాత్రం తనది తనకి కావాలంది. పిల్లాడి ఫీజుందట, తప్పేముంది. అమ్మ నా మీద అలిగింది, ఇంకా మాట్లాడటం లేదు.

నాయనమ్మకి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాల్సొచ్చింది. "నా కొడుకు సొమ్ము నాకేటే" అని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకొని "ఎంతన్నావ్?" అంది. మళ్లీ చెప్పాను. "నా పుస్తకంలో ఎయ్యి" అంది.

కార్డు లెక్క కూడా రాసిచ్చాడు, 38 వేల చిల్లర తేలింది. మిగతాది పంతులుగారికిచ్చాడట, ఊరుకున్నాను.

రాజాం రోడ్డు:
మంచిపని సేసినావప్పా, ముందన్నవి మనసులో పెట్టుకోకు. అది సరే, నాయనమ్మ పుస్తకానికి నామినీ ఎవులు?

చీపురుపల్లి ఆడపడుచు:
తమ్ముడే.

కౌంటర్ నంబర్ 3:
2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకి నలుగురు నామినీల దాకా రాసుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా. మామ్మగారిని బ్యాంకుకి ఎలాగూ తీసుకెళ్తారు కదా. పదకొండు గంటల లోపు వెళ్లండమ్మా, ఆ తర్వాత అరుస్తారు.