గుండెలో రంధ్రం వల్లే బాబు బరువు తక్కువగా పుట్టాడా?

ప్రశ్న: నమస్తే అండి, మా బాబుకి 19 రోజులు. 38 వారాలకి పుట్టాడు, 2.1 కిలోలే. డౌన్ సిండ్రోమ్ అని రిపోర్ట్ వచ్చింది, ఎకోలో ఏవీ కెనాల్ డిఫెక్ట్ ఉంది, అంటే గుండె మధ్యలో పెద్ద రంధ్రం, రెండు వాల్వులుండాల్సిన చోట ఒకటే ఉందట. నేను సరిగ్గా తినలేదేమో అని మా ఆవిడ ఒకటే ఏడుపు. గుండె వల్లే కడుపులో ఎదగలేదా? ఇప్పుడైతే పాలు బాగానే తాగుతున్నాడు, ఆపరేషన్ కొన్ని నెలలాగి అంటున్నారు, భయంగా ఉంది.

జవాబు 1: ముందు మీ ఆవిడకి చెప్పండి, డౌన్ సిండ్రోమ్ అంటే 21వ క్రోమోజోమ్ రెండుకి బదులు మూడు ఉండడం, తిండి వల్ల ఆ అదనపు క్రోమోజోమ్ రాదు, గుండె కూడా మొదటి రెండు నెలల్లోనే తయారైపోతుంది. నేను నవజాత శిశువుల వార్డులో పనిచేస్తాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. కడుపులో ఉన్నప్పుడు ఆక్సిజన్ ఊపిరితిత్తుల నుంచి కాదు మాయ నుంచి వస్తుంది, అందుకే ఇలాంటి రంధ్రం ఉన్నా ఎదుగుదలకి పెద్దగా అడ్డు రాదు. డౌన్ బిడ్డ మాయలోనూ సాధారణంగా ఆ 21వ క్రోమోజోమ్ మూడు కాపీలే ఉంటాయి, అందుకని బరువు తగ్గడానికి గుండె కన్నా సిండ్రోమే ఎక్కువ కారణమై ఉండొచ్చు. ఎడ్వర్డ్స్ సిండ్రోమ్‌లో (18వ క్రోమోజోమ్ మూడు ఉండడం) ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, దాదాపు అందరికీ గుండె లోపం, కడుపులోనే ఎదుగుదల బాగా తక్కువ, కానీ నూనన్ సిండ్రోమ్‌లో (ఇది జన్యువులో మార్పు వల్ల వచ్చేది) పల్మనరీ వాల్వ్, అంటే ఊపిరితిత్తులకి రక్తం వెళ్లే దారిలోని వాల్వ్, సన్నబడి ఉన్నా పుట్టినప్పటి బరువు చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. గుండె అసలు సంబంధమే లేదని కాదు, గుండె నుంచి బయటికి వెళ్లే పెద్ద రక్తనాళాలు తారుమారైన పిల్లల్లో మెదడుకి ఆక్సిజన్ తక్కువున్న రక్తం వెళ్తుంది, తల కాస్త చిన్నగా ఉండొచ్చు. మీ బాబుది అది కాదు.

జవాబు 2: అన్నా, మా పాపకీ ఇదే. మూడో వారం దాకా బాగుంది, తర్వాత పాలు తాగుతూ తాగుతూ నుదురు చెమట పట్టేది, పావుగంటకే అలసిపోయి నిద్రపోయేది, బరువు పెరగడం ఆగిపోయింది. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి తగ్గేకొద్దీ రక్తం అటు ఎక్కువ పోతుందని అప్పుడు తెలిసింది, ముందే తెలిస్తే బాగుండేది. మందులు ఇచ్చి, ఎక్కువ క్యాలరీల పాలు పట్టించి, నాలుగో నెలలో ఆపరేషన్ చేశారు. డౌన్ పిల్లల్లో ఊపిరితిత్తుల బీపీ త్వరగా పెరుగుతుంది కాబట్టి మరీ ఆలస్యం చేయనివ్వకండి, ఎక్కువగా 3 నుంచి 6 నెలల మధ్యే చేస్తారు.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అక్కా, మేడమ్ గారూ. ఆవిడకి చదివి వినిపించా. బరువు ఎన్నిరోజులకి చూడాలి? రెండో బిడ్డకీ వస్తుందా?

జవాబు 1: ఇప్పుడు వారానికోసారి, ఒకే మెషీన్ మీద, డౌన్ పిల్లల చార్ట్‌తో కూడా పోల్చమని అడగండి. పాలు తగ్గినా, ఊపిరి వేగం పెరిగినా, పెదవులు నీలంగా మారినా వెంటనే వెళ్లండి, అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. రెండో బిడ్డ విషయానికి రిపోర్ట్ చూడండి, 21వ క్రోమోజోమ్ విడిగా అదనంగా ఉంటే మళ్ళీ వచ్చే అవకాశం తక్కువ, వేరే క్రోమోజోమ్‌కి అతుక్కుని ఉంటే మాత్రం మీ ఇద్దరి కేరియోటైప్ (క్రోమోజోమ్‌ల పరీక్ష) కూడా చేయించాలి.