హ్యామ్ రేడియోలో పాతకాలపు ఆటపట్టింపులు: మన దగ్గర ఏముండేవి?

లైసెన్స్ తీసుకుని ఇష్టంతో రేడియో సెట్ల మీద మాట్లాడుకునే హ్యామ్ రేడియో పెద్దలందరికీ నమస్కారం. లైసెన్స్ పరీక్షకి చదువుతున్న పిల్లలకి పాతకాలపు సరదాల గురించి చెప్పాలనుకుంటున్నాను. మీ సాయం కావాలి.

అమెరికా సంగతి కొంత తెలుసు. 1917లో అక్కడి హ్యామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ వారి క్యూఎస్‌టీ పత్రికలో 'ది ఓల్డ్ మ్యాన్' అనే మారుపేరుతో ఒకాయన, బ్యాండ్ (హ్యామ్‌లు మాట్లాడుకునే తరంగాల పరిధి) మీద పద్ధతి తప్పినవాళ్లని శిక్షించే 'వూఫ్ హాంగ్' అనే వస్తువు గురించి రాశారు. అదేమిటో చదివినవాళ్లకి అంతుపట్టలేదు! తర్వాత చెక్కముక్కలకి తీగ చుట్టిన నమూనా ఒకటి ఏఆర్ఆర్ఎల్ ఆఫీసుకి నిజంగానే చేరింది. ఆ ఓల్డ్ మ్యాన్ ఎవరో కాదు, ఆ సంస్థని స్థాపించినవారిలో ఒకరైన హైరమ్ పెర్సీ మాక్సిమే. ఎవరినీ నొప్పించకుండా క్రమశిక్షణ నేర్పిన ఈ హాస్యం నాకు భలే ఇష్టం.

మరి మన దగ్గర? 1970లు, 80లలో హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి మాట్లాడిన పెద్దలు కొత్తవాళ్లని ఎలా ఆటపట్టించేవారు? మోర్స్ కీ (చుక్కలు, గీతల సంకేతాలు పంపే మీట) దగ్గర జరిగినా, యాంటెన్నా కట్టేటప్పుడు జరిగినా సరే, చెప్పండి. పేర్లు, కాల్‌సైన్లు (స్టేషన్ గుర్తింపు సంకేతాలు) అక్కర్లేదు. ఇంకో మాట, వూఫ్ హాంగ్ నమూనా చెక్కతో చేసినవాళ్లుంటే ఏ కొలతలు తీసుకున్నారో, తీగ ఎలా బిగించారో కూడా రాయగలరా?