‘జన్మతః’ అంటే ఎక్కడ పుట్టినందుకా, ఎవరికి పుట్టినందుకా?

ప్రశ్న (పత్రికా ఉపసంపాదకుడు, విజయవాడ):

సభ్యులకు నమస్కారం. అమెరికాలో పుట్టిన బిడ్డల్లో కొందరికి పౌరసత్వం ఉండదంటూ 2025 జనవరిలో ట్రంప్ ఉత్తర్వు ఇచ్చిన నాటి నుంచి ఆ వివాదం మా డెస్కును వదలడం లేదు. కొన్ని పత్రికలు ‘జన్మతః పౌరసత్వం’ అంటున్నాయి, కొన్ని ‘జన్మహక్కు పౌరసత్వం’ అంటున్నాయి. మా దగ్గర ఒకే పేజీలో రెండూ వచ్చిన రోజులున్నాయి. ‘పుట్టుకతో వచ్చే పౌరసత్వం’ అని నేను రాస్తే, పుట్టుమచ్చ గురించి రాసినట్టుందని మా ఇన్‌ఛార్జి కొట్టేశారు. ఏది వాడమంటారు?

జవాబు (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, గుంటూరు):

‘జన్మహక్కు’ వద్దు నాయనా. ‘స్వరాజ్యం నా జన్మహక్కు’ అని తిలక్ అన్న నాటి నుంచి ఆ మాటలో ఒక తెగువ చేరింది. ఒకరు ఇచ్చింది కాదు, ఇంకొకరు లాక్కోలేరు అని దాని భావం. ‘జన్మహక్కు రద్దు’ అని శీర్షిక పెడితే వార్త కాస్తా నినాదమైపోతుంది. ఆ హక్కు ఎంతవరకు ఉందో తేల్చవలసింది అక్కడి కోర్టులు. ‘జన్మతః’ పొట్టి మాట, ఎవరి పక్షమూ వహించని మాట. విసర్గ మాత్రం మింగేయకండి.

జవాబు (న్యాయవాది, బ్రాడీపేట, గుంటూరు):

మాస్టారూ, ‘జన్మహక్కు’ విషయంలో మీ మాటే నా మాట. ‘జన్మతః’ మాత్రం పైకి కనిపించేంత అమాయకమైనది కాదు.

మన 1955 పౌరసత్వ చట్టం మూడో సెక్షన్‌ను కూడా తెలుగులో ‘జన్మతః’ అనే చెప్పుకుంటాం. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఇక్కడ పుడితే చాలు, రాయబారుల పిల్లల వంటి కొద్దిమంది తప్ప అందరూ పౌరులే. తల్లిదండ్రులు ఎవరని అడగలేదు. 1987 జులై 1 నుంచి వాళ్లలో ఒకరైనా భారతీయులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి ఇద్దరూ భారతీయులు కావాలి, లేదా ఒకరు భారతీయులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. సెక్షన్ పేరు మారలేదు, లోపలి సరుకు మారిపోయింది. అమెరికా పద్ధతికీ ఇదే పేరు తగిలిస్తే, మనకున్నదే వాళ్లు తీసేస్తున్నారని పాఠకుడు అనుకుంటాడు. నా దగ్గరికి వచ్చే కక్షిదారుల్లో చాలామంది అలాగే అనుకుంటున్నారు.

అసలు చిక్కు చట్టంలో కంటే మన నుడిలో ఉంది. ఊళ్లోకి కొత్తవాడు వస్తే రెండు ప్రశ్నలు అడుగుతాం: ‘మీదే ఊరు?’, ‘ఎవరి అబ్బాయివి?’. మొదటిది నేల గురించి అడిగినట్టే ఉంటుంది. జవాబు వినండి. మన వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. తెనాలి కోడలు పురిటికి నూజివీడు వెళ్తుంది, బిడ్డ జనన ధ్రువపత్రంలో నూజివీడే ఉంటుంది. ఆ బిడ్డ పెద్దవాడయ్యాక ‘మాది తెనాలి’ అంటాడు. నూజివీడు అతనికి అమ్మమ్మగారి ఊరు, అంతే. ఇంటిపేర్లలో ఎన్ని ఊళ్ల పేర్లున్నాయో చూడండి. ఆ ఊరి ముఖం చూసినవారు ఆ ఇంట్లో ఒక్కరైనా ఉండరు. మనకు ఊరు కూడా తండ్రి వైపు నుంచి వచ్చే ఆస్తే. అందుకే ‘జన్మ’ అనగానే ముందు వంశం తోస్తుంది, ఆ తర్వాతే నేల. ఈ అలవాటు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, నాకైతే పెద్దగా నచ్చదు. అమెరికాలో లెక్క దీనికి తలకిందులు.

నా సూచన ‘పుట్టినగడ్డ పౌరసత్వం’. తల్లిదండ్రుల వల్ల వచ్చేదానికి ‘వారసత్వ పౌరసత్వం’.

జవాబు (ఉపాధ్యాయుడు):

‘గడ్డ’ అంటే డాక్టరు గారు కోసి తీసేది కూడా అమ్మా. అది పక్కన పెట్టండి. అక్కడ నిజంగా నేల ఒక్కటే సరిపోతే ఇంత వ్యాజ్యం ఎందుకు?

జవాబు (న్యాయవాది):

అడగవలసిన ప్రశ్నే అడిగారు. అమెరికా రాజ్యాంగానికి 1868లో వచ్చిన 14వ సవరణలో నేలతో పాటు ఇంకో షరతు ఉంది: అమెరికాలో పుట్టి, ‘దాని అధికార పరిధికి లోబడి’ ఉండాలి. మన పత్రికలు ఆ రెండో ముక్కను ఎప్పుడూ ఎగరగొడతాయి. వివాదమంతా అక్కడే.

నల్లజాతివారు పౌరులు కాలేరని 1857లో అక్కడి సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ కేసులో అన్నది. ఆ తీర్పును చెరిపేయడానికే, అంతర్యుద్ధం ముగిశాక, ఈ సవరణ తెచ్చారు. అయినా 1884లో జాన్ ఎల్క్ అనే ఆదివాసిని, తెగలో పుట్టాడు కాబట్టి ఈ సవరణ కింద పౌరుడు కాడన్నారు. తరతరాలుగా ఆ మట్టి మీద ఉన్నవాడే పరాయివాడయ్యాడు! ఆదివాసులందరికీ పౌరసత్వం ఇస్తూ చట్టం వచ్చేసరికి 1924 అయింది. ఈలోగా 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసు వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన ఆయనను, చైనా వెళ్లి తిరిగి వస్తుంటే రేవులోనే ఆపేశారు. ఆయన పౌరుడేనని కోర్టు తేల్చింది. రాయబారుల పిల్లలు, దండెత్తి వచ్చి ఆక్రమించిన శత్రువుల పిల్లలు, తెగల్లో పుట్టినవారు తప్ప అక్కడ పుట్టిన మిగతావారంతా పరిధిలోని వారేనని ఆ తీర్పు సారం.

2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు ఆ ‘పరిధి’ని కుదించబోయింది. తల్లి అక్రమంగా గానీ తాత్కాలిక వీసా మీద గానీ ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే, బిడ్డ పరిధిలో లేనట్టే అంటుంది. కింది కోర్టులు దాన్ని నిలిపివేశాయి. ఉద్యోగ వీసా, విద్యార్థి వీసా కూడా తాత్కాలికాలే కాబట్టి, ఈ ‘పరిధి’ అనే చిన్న మాట విజయవాడ, గుంటూరు ఇళ్లలోకి కూడా వచ్చి కూర్చుంది.

జవాబు (గృహిణి, పటమట, విజయవాడ):

మా ఇంట్లోకి వచ్చి కూర్చున్న మాట నిజమే. పూర్వం కూతురు పురిటికి పుట్టింటికి వచ్చేది, ఇప్పుడు ఆరు నెలల వీసా మీద పుట్టిల్లే విమానం ఎక్కుతోంది. అక్కడ మనవడు పుడితే ‘సిటిజన్ పుట్టాడు’ అని ఫోన్లో చెప్పుకుంటాం. ‘జన్మతః’ అన్నవారిని నేను చూడలేదు. ‘అక్కడ పుట్టాడు కాబట్టి సిటిజనే’ అంటాం. తమాషా ఏమిటంటే, తాతగారింటికి రావాలంటే ఆ పిల్లవాడికి వీసానో ఓసీఐ కార్డో (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) కావాలి, మన దేశంలో రెండు పౌరసత్వాలు కుదరవు కదా.

జవాబు (పోటీ పరీక్షల అభ్యర్థి, విజయవాడ):

లాయర్ మేడమ్, ఊళ్లోకి వచ్చిన కొత్తవాడిని అడుగుతామని మీరు చెప్పిన రెండు ప్రశ్నలకు మూడోది కలపండి: ‘ఎక్కడ చదివావు?’. ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికుల వాటా గురించిన రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో స్థానికుడంటే ఆ ప్రాంతంలో పుట్టినవాడు కాదు, ఆ ప్రాంతంవారికి పుట్టినవాడూ కాదు. ప్రధానంగా, అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే నాలుగేళ్లు వరసగా అక్కడ చదివినవాడు. మా నాన్నగారిది గుంటూరు జిల్లా, నేను చదివింది హైదరాబాద్. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆయన ఆఫీసుతో పాటు ఇక్కడికి వచ్చాం. సొంత జిల్లాలో నేను ‘నాన్ లోకల్’. గడువులోగా తరలివచ్చినవారిని స్థానికులుగా చూడాలని 2016లో ఆ ఉత్తర్వును సవరించకపోతే నా దరఖాస్తు అక్కడే ఆగేది. కాబట్టి పుట్టుక ఒక్కదాని మీదే హక్కులు నిలుస్తాయనే భ్రమ మా బ్యాచ్‌లో ఎవరికీ లేదు.

జవాబు (దస్తావేజు లేఖరి, మంగళగిరి):

హద్దుల మాట కూడా కాస్త చూడండి. పొలానికి గట్టు, ఊరికి పొలిమేర, దస్తావేజులో చెక్కుబందీ (స్థలానికి నాలుగు వైపుల హద్దుల వివరం), దేశానికి సరిహద్దు. చివరి మాటలో ‘సరి’ తెలుగు కాదు. పారశీ ‘సర్’, అరబ్బీ ‘హద్’ కలిసి వచ్చినవి. హద్దు జరిగితే మనుషులు ఏమవుతారో ఒకప్పుడు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం వాళ్లను అడగాలి. దాన్ని భారత్‌కు అప్పగించే ఫ్రెంచి ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చినప్పుడు, అక్కడే పుట్టి అక్కడే ఉన్న ఫ్రెంచి పౌరులు భారతీయులయ్యారు. వద్దనుకునేవారు ఆరు నెలల్లో రాసి ఇవ్వాలి. వాళ్లెవరూ కదల్లేదు, గట్టే కదిలింది. పుట్టిన చోటుతో పాటు ఆ రోజుకు కాపురం ఎక్కడ అన్నదీ చూశారు.

జవాబు (ఉపసంపాదకుడు):

అందరికీ కృతజ్ఞతలు. పటమట అమ్మగారి వాక్యమే నాకు పనికొచ్చింది. శీర్షికలో చోటు లేక ‘జన్మతః’ ఉంచుతాను. వార్త మొదటి వాక్యంలో ‘అమెరికాలో పుట్టినందుకే వచ్చే పౌరసత్వం’ అని విప్పి రాస్తాను. ‘అధికార పరిధి’ ముక్కను ఇక కోయను. ‘జన్మతః పౌరసత్వం రద్దు ఉత్తర్వు’ అని వేయవచ్చా?

జవాబు (న్యాయవాది):

‘రద్దు’ వద్దు. అధ్యక్షుడి ఉత్తర్వుతో రాజ్యాంగ సవరణ రద్దు కాదు, ఆయన దానికి కొత్త అర్థం చెప్పారు, అంతే. ‘పరిమితి’ అనండి. ఉత్తర్వు వచ్చిన 30 రోజుల తర్వాత పుట్టేవారికే అది వర్తిస్తుందని కూడా ఒక వాక్యం వేయండి. ‘రద్దు’ అని చదివి, పదేళ్ల మనవరాలి పాస్‌పోర్టు పోతుందేమోనని నాకు ఫోన్ చేసినవారున్నారు.