అప్‌డేట్: క్రోన్స్‌కి అడాలిముమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టాను

క్రోన్స్ (పేగుల్లో వాపు వచ్చే దీర్ఘకాలిక జబ్బు)కి అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్ర) వాడుతున్నా కడుపునొప్పి, విరేచనాలు తగ్గట్లేదు, డాక్టర్ అడాలిముమాబ్ (వాపుని పెంచే ప్రోటీన్‌ని అడ్డుకునే ఇంజెక్షన్) అంటున్నారు, భయంగా ఉంది, ఏం చేయమంటారు అని ఐదు నెలల క్రితం అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

భయంతో తేల్చుకోకండి, లోపల వాపు ఎంతుందో ముందు చూడండి అన్న సలహానే పనికొచ్చింది. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగుల్లో వాపు ఉంటే పెరిగే ప్రోటీన్) 900 దాటింది, స్కాన్‌లో చిన్నపేగు చివర గోడ మందంగా అయి దారి ఇరుకవుతోందని తేలింది. అది ముదిరితే ఆపరేషనే, స్టెరాయిడ్లతో ఎన్నాళ్లు నెట్టుకొస్తారు అని డాక్టర్ గారు ఫిల్మ్ మీద వేలు పెట్టి చూపించాక ఇక సందేహం మిగల్లేదు.

ఒక్కటి గట్టిగా చెప్తాను, ఈ మందుకి ముందు టీబీ పరీక్ష తప్పకుండా చేయించుకోండి. మన దేశంలో చాలామంది ఒంట్లో తెలియకుండానే టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుంది, ఈ మందు దాన్ని లేపగలదు. నాకు ఇగ్రా (టీబీ క్రిమి సోకిందేమో చూసే రక్తపరీక్ష) పాజిటివ్, ఛాతీ ఎక్స్‌రే మాత్రం బాగానే ఉంది, అందుకే నెల రోజులు ఐసోనియాజిడ్ (టీబీ మందు) మింగాకే మొదటి డోసు ఇచ్చారు, ఆ మాత్రలు ఇంకా నడుస్తున్నాయి. హెపటైటిస్ బి కూడా చూశారు.

ఇంజెక్షన్ మొదట 160 మి.గ్రా., రెండు వారాలకి 80, ఇప్పుడు రెండు వారాలకోసారి 40. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెట్టాక అమ్మే తొడకి వేస్తుంది, చల్లగా వేస్తే బాగా మంట. మన దగ్గర తయారయ్యే బయోసిమిలర్ (అసలు బ్రాండ్ మందుకి దాదాపు సమానంగా వేరే కంపెనీ చేసేది) కాబట్టి ఖర్చు కూడా నేను టెన్షన్ పడినంత కాలేదు.

పాలు, పెరుగు, గోధుమ మానేసి రెండు నెలలు పడ్డ అవస్థ మాత్రం నా విషయంలో దండగే. ఎనిమిదో వారానికి కాల్‌ప్రొటెక్టిన్ 210కి దిగింది, స్టెరాయిడ్ ఆగింది, రాత్రిళ్లు మధ్యలో లేవకుండా నిద్రపోతున్నాను.