కులపోళ్ల అండ లేకుండా షాపు నిలబడుతుందా?

నర్సంపేట కుర్రాడు:
మా పిన్ని కొడుకు మండల కేంద్రంలో ఎలక్ట్రికల్ షాపు పెడదామనుకుంటున్నాడు. ఏళ్ల తరబడి ఇళ్లకు వైరింగ్ చేస్తున్నాడు, సరుకు గురించి వాడికి ఒకరు చెప్పక్కర్లేదు. ముద్ర లోన్‌కి అప్లై చేశాడు. పది లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు కదా. మా బాబాయి మాత్రం ఒకటే పట్టు: "మనోళ్లలో షాపు పెట్టి బాగుపడ్డోడు ఎవడున్నాడురా? అది వ్యాపారం చేసే కులపోళ్లకే అచ్చొస్తుంది." ఇందులో నిజమెంత? చేతిలో డబ్బుండి, పని తెలిస్తే చాలదా?

గల్లాపెట్టె:
బ్రహ్మాండంగా చాలుతుంది. అచ్చిరావడం ఏంటండీ ఇంకా! ముద్ర 2015లో వచ్చింది. తీసుకున్న పది లక్షలు సరిగ్గా కట్టినవాళ్లకు 2024 బడ్జెట్‌లో ఇరవై లక్షలకు పెంచారు. రేట్లు ఫోన్‌లో కనిపిస్తున్నాయి, అమ్మకాల లెక్క యూపీఐలోనే ఉంటుంది. స్విచ్ కొనేవాడికి రేటు, గ్యారంటీ కావాలి. అమ్మేవాడి గోత్రం ఎవడికి కావాలి? కులం పేరు చెప్పి కుర్రాడిని వెనక్కి లాగకండి.

పాత గుమస్తా:
గల్లాపెట్టె గారూ, కొనేవాడి సంగతి సరే, సరుకిచ్చేవాడి సంగతి చెప్పండి. హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ సరుకు దొరికే ట్రూప్ బజార్‌లో హోల్‌సేల్ కౌంటర్ మీద చాలాకాలం పనిచేసినవాడిగా చెబుతున్నా.

పది లక్షల లోన్ వచ్చిందనుకోండి. మడిగె (షాపు గది) అడ్వాన్సు, ర్యాకులు, కౌంటర్, బోర్డు పోగా సరుకుకి ఆరు లక్షలు మిగిలితే గొప్ప. కొత్తవాడికి హోల్‌సేలర్ అరువివ్వడు, క్యాష్ పెట్టి ఎత్తుకోవాల్సిందే. అదే మా సేటుకి తెలిసిన కుటుంబం కుర్రాడైతే ఒక్క ఫోన్ చాలు, 45 రోజుల అరువు మీద సరుకు ట్రాన్స్‌పోర్ట్‌లో పడేది. వాడి దగ్గరా ఆరు లక్షలే ఉంటాయి, ర్యాకుల్లో మాత్రం పన్నెండు లక్షల సరుకు కనిపిస్తుంది.

దానివల్ల ఏమొస్తుందంటారా? ఇల్లు కట్టేవాడు వైరింగ్ మేస్త్రి రాసిచ్చిన లిస్టు పట్టుకొస్తాడు. ఒకటిన్నర సైజు వైరు నాలుగు కట్టలు, రెండున్నర సైజుది రెండు కట్టలు, పైపులు, జంక్షన్ బాక్సులు, ఎంసీబీలు (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్‌లు). అందులో రెండు ఐటమ్స్ లేవన్నారో, లిస్టు మొత్తం ఎదురు షాపుకి పోతుంది. సగం లిస్టు మీ దగ్గర, సగం అక్కడ ఎవరూ కొనరు.

ఇంకోటి. రాగి రేటు పెరిగితే వైరు కంపెనీలు రేట్లు మారుస్తాయి. "రేపు పెరుగుతోంది, ఇవాళే పది కట్టలు ఎత్తుకో" అని ముందురోజు సాయంత్రం ఎవరికి ఫోన్ వెళ్తుంది? అమ్ముడుపోని పాత మోడల్ ఫ్యాన్లు ఎవరి దగ్గర వెనక్కి తీసుకుంటారు? బ్యాంకు ఇచ్చే లోన్‌లో ఇవేవీ రావు.

పాలమూరు వాసి:
ఆమనగల్లు మా దగ్గరే. 2025 ఆగస్టులో అక్కడి లోకల్ వ్యాపారులు బంద్ చేసింది ఇందుకే. మార్వాడీ షాపులకు మార్వాడీ హోల్‌సేలర్ల సపోర్టు, మాకు ఎవరి సపోర్టు? ఎంతకు అమ్మాలో వాళ్లలో వాళ్లే అనుకుంటారు, పనికి కూడా వాళ్ల పిల్లలనే తెచ్చుకుంటారు. "మార్వాడీ గో బ్యాక్" అంటే తప్పు అంటారు, మరి మేం ఎక్కడికి పోవాలె?

పాత గుమస్తా:
బాధ నిజమే, మందు అది కాదు. వాళ్ల పద్ధతి చూడండి. వందేళ్ల కిందట రాజస్థాన్‌లోని షెఖావతి నుంచి కలకత్తా వెళ్లిన కుర్రాళ్ల కోసం తమవాళ్లే "బాసా" అని ఉమ్మడి మెస్సులు నడిపేవారు. తిండి, పడక అక్కడే. పగలంతా ఎవరో ఒకరి గద్దెలో (వ్యాపారి కొట్టులో) పని నేర్చుకోవడం. తర్వాత సొంతంగా పెట్టుకుంటే పూచీ ఉండేది కూడా ఆ పెద్దలే. ఇక్కడా ఇంచుమించు అదే నడుస్తోంది. రేపు వాళ్లంతా వెళ్లిపోయినా, మీ ఊళ్లో ఆ జాగా నర్సంపేట తమ్ముడి బంధువులాంటి కొత్తవాడికి దక్కుతుందని ఏమిటి నమ్మకం? మార్వాడీలు రాకముందు పల్లెల్లో కిరాణా చాలావరకు ఒక్క కులం చేతిలోనే ఉండేది. అప్పుడూ బయటివాడికి అరువు పుట్టలేదు.

కోమటి బజారు:
ఆ "ఒక్క కులం" మాదే, కాబట్టి రెండో వైపు కూడా వినండి. మా నాన్న షాపులో బంధువుల ఖాతాలకు వేరే పుస్తకం ఉండేది. ఇవ్వనంటే మొహాలు మాడతాయి, ఇస్తే వసూలు కాదు. సంఘం చందా, సత్రం చందా, పెళ్లిళ్లలో పెట్టుపోతలు... అన్నీ "మనోళ్లు కదా" అనే. షాపు దెబ్బతిందని తెలిస్తే ఇంట్లో ఆడపిల్ల సంబంధం దాకా ప్రశ్నే. నష్టమొస్తున్నా షట్టర్ దించలేక నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి నడిపినవాళ్లు మాలో ఎంతమందో. అండ ఊరికే రాదండీ.

పొదుపు లీడర్:
పుట్టుకతో లేని అండని తయారుచేసుకోవచ్చు కదా! మాది నెల్లూరు జిల్లా. తొంభైల మొదట్లో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లే తర్వాత రోజుకో రూపాయి దాచుకుని పొదుపు సంఘాలు కట్టారు. ఒకరి బాకీకి పదిమందీ జవాబుదారీ. మా సంఘంలో అన్ని కులాల వాళ్లూ ఉన్నారు, బ్యాంకు మేనేజర్ పేరు పెట్టి పిలుస్తాడు. అయితే గుమస్తా గారు చెప్పిందీ కాదనలేను. మా వాళ్లు పెట్టినవన్నీ టైలరింగ్, గేదెలు, పచ్చళ్లు. హార్డ్‌వేర్ షాపు పెట్టినామె మా మండలంలో ఒక్కరూ లేరు. బ్యాంకు నమ్మింది కానీ హోల్‌సేలర్‌కి మా సంఘం అంటే ఏంటో తెలియదు.

హుజూరాబాదీ:
2021 ఆగస్టులో దళితబంధు మా దగ్గరే మొదలైంది. ఒక్కో ఎస్సీ కుటుంబానికి పది లక్షలు ఇచ్చారు, తిరిగి కట్టక్కర్లేదు. చాలామంది కార్లు, ట్రాక్టర్లు తీసుకున్నారు. "వ్యాపారం పెట్టుకోకుండా బండ్లు కొన్నారు" అని వెక్కిరించినవాళ్లకి ఈ థ్రెడ్ చదివించాలి. బండికి అరువిచ్చే సేటు అక్కర్లేదు, డీజిల్ పోస్తే నడుస్తుంది.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. మావాళ్లు మొబైల్ షాపు పెడితే అందరూ వస్తారు. టిఫిన్ సెంటర్ పెడితే? హైవే మీదైతే పర్లేదు, సొంత ఊళ్లో ఎవరు తింటారో ఎవరు తినరో నాకు తెలుసు. కాబట్టి గోత్రం ఎవడికి కావాలి అన్న గల్లాపెట్టె గారూ, స్విచ్ దగ్గర అక్కర్లేదు, ఇడ్లీ దగ్గర కావాలి. అదే 2021లో వైన్స్ షాపుల్లో గౌడలకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అక్కడ లైసెన్సే అసలు ఆస్తి కాబట్టి అది కొంత పనిచేస్తుంది. ఎలక్ట్రికల్ షాపుకి లైసెన్సుతో ఏం వస్తుంది?

గల్లాపెట్టె:
ఒప్పుకోను. టిఫిన్ సెంటర్ మాట వేరు. కానీ అరువు అనేది కులానికి కాదు, చెల్లింపు రికార్డుకి ఇస్తారు. ఆరు నెలలు టైముకి కడితే ఏ డిస్ట్రిబ్యూటరైనా దిగొస్తాడు.

పాత గుమస్తా:
దిగొస్తాడు, కాదనను. నేనే కొందరికి ఇప్పించాను. కానీ ఆ ఆరు నెలలు ఒకడు సున్నా నుంచి మొదలుపెడతాడు, ఇంకొకడికి వాళ్ల తాత రికార్డు లెక్కలోకి వస్తుంది.

నర్సంపేట తమ్ముడూ, మీవాడికి నా మాట ఇది. పదిచోట్ల కొనొద్దు, ఒకే డిస్ట్రిబ్యూటర్‌ని పట్టుకోమను. మొదట క్యాష్, తర్వాత పదిహేను రోజుల అరువు అడగాలి. ఫ్యాన్లు, ఫ్యాన్సీ లైట్ల జోలికి ఇప్పుడే పోవద్దు. వైరు, పైపు, స్విచ్ రేంజ్ మాత్రం ఏ సైజూ తక్కువ లేకుండా పెట్టాలి. ఇక మండలంలో వైరింగ్ చేసేవాళ్లంతా వాడికి తెలిసినవాళ్లే కదా. లిస్టు రాసేది వాళ్లే. వాళ్లు ఏ షాపు పేరు చెబితే ఇంటాయన అక్కడికే పోతాడు.

నర్సంపేట కుర్రాడు:
అన్నా, అక్కడే తిరకాసు ఉంది. ఆ ఎలక్ట్రీషియన్లందరికీ ఇప్పటికే ఎదురు షాపు వాళ్లు బిల్లు మీద కమీషన్ ఇస్తున్నారట. మావాడు కూడా ఇన్నాళ్లూ తీసుకున్నవాడే. వాళ్లకంటే ఎక్కువ ఇస్తే మిగిలేదేముంది?

పాత గుమస్తా:
ఎక్కువ వద్దు, అంతే ఇవ్వమను. కానీ నెలాఖరు దాకా ఆపకుండా బిల్లు అయిన రోజే చేతిలో పెట్టాలి. మడిగె అడ్వాన్సు కట్టేముందు వాళ్లలో ఓ నలుగురితో కూర్చుని మాట్లాడుకోమను. ఆ నలుగురూ రామంటే షాపు ఆలోచన కొన్నాళ్లు ఆపడమే మంచిది.