ఇంకా తీరని కష్టాన్ని సాక్ష్యంగా చెప్పవచ్చునా?

దేవరకొండ సోదరి:
అందరికీ ప్రభువు నామమున వందనములు. వచ్చే నెల స్త్రీల సమాజపు కూడికలో సాక్ష్యం (దేవుడు నా జీవితంలో చేసిన కార్యాన్ని అందరి ఎదుట చెప్పడం) చెప్పమని మా సంఘ పాస్టరు అయ్యగారు నన్ను అడిగారు. మా వారి తాగుడు వల్ల అప్పులు పెరిగి, నిద్రాహారాలు కరవై నేను మంచం పట్టిన సంగతి, ప్రార్థనే నన్ను నిలబెట్టిన సంగతి ఆయనకు తెలుసు. అయితే మానసిక వైద్యుడు రాసిన మాత్రలను నేను నేటికీ వేసుకుంటున్నాను. మా వారు తాగుడు తగ్గించారే గాని పూర్తిగా మానలేదు. మా దగ్గర నేను విన్న సాక్ష్యాలన్నీ "ప్రభువు పూర్తిగా విడిపించాడు" అనే మాటతోనే ముగిశాయి. నాది అలా ముగియదు. పైగా కూడికను యూట్యూబులో లైవ్ ఇస్తారు, మా ఆడబిడ్డలు చూస్తారు. మాత్రల సంగతి చెప్పకపోతే అది అబద్ధసాక్ష్యం అవుతుందా? చెబితే "విశ్వాసం చాలలేదు" అంటారా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

పాలమూరు విశ్వాసి:
అమ్మా, వందనాలు. మా ప్రాంతపు మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలలో బాప్తిస్మానికి ముందు ప్రతి ఒక్కరూ సంఘం ఎదుట తమ మార్పును గూర్చి సాక్ష్యమివ్వాలి కనుక, పల్లెల్లో నేను ఎన్నో సాక్ష్యాలు విన్నాను. నా మనసులో నిలిచినవి గొప్ప విజయాలు చెప్పినవి కావు, ఉన్నది ఉన్నట్టు చెప్పినవి. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగిపోవాలని మూడుసార్లు వేడుకున్నాడు. అది తొలగిపోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు మాత్రమే వచ్చింది. 2 కొరింథీ 12వ అధ్యాయంలో ఆయన ఇచ్చిన సాక్ష్యం అదే, ముల్లు ఉండగానే ఇచ్చిన సాక్ష్యం. 88వ కీర్తన అయితే చీకటిలోనే ముగుస్తుంది, చివర ఒక్క స్తోత్రమైనా లేదు. అయినా ఆరాధనలో పాడుకోవలసిన కీర్తనల మధ్యనే దానికి చోటు దొరికింది. కనుక ముగింపు లేదన్న భయంతో మీరు వెనక్కి తగ్గవలసిన పని లేదు.

ఇంకొక సంగతి కూడా గమనించండి. ఆ ముల్లు ఏమిటో పౌలు ఎక్కడా చెప్పలేదు. రోగమా, శత్రువులా, మరొకటా అని నేటికీ పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. వివరం చెప్పకపోవడం అబద్ధం కాదు.

జడ్చర్ల నర్సు:
అక్కా, నేను ఆస్పత్రిలో పనిచేస్తాను కాబట్టి మాత్రల సంగతి మాత్రమే చెబుతాను. "ప్రార్థనతో బాగయ్యాను" అని వేదికపై చెప్పిన తరువాత, ఆ మాటకు కట్టుబడి మందులు ఆపివేసి, మళ్లీ జబ్బు తిరగబెట్టి వచ్చినవారిని చూశాను. వైద్యుడు చెప్పకుండా మాత్రలు హఠాత్తుగా ఆపకూడదు; కూడిక తరువాత ఎవరైనా వచ్చి ఆపమన్నా వినవద్దు. రక్తస్రావంతో బాధపడిన స్త్రీ అనేక వైద్యుల దగ్గరికి తిరిగి ఉన్నదంతా ఖర్చు చేసిందని మార్కు 5వ అధ్యాయంలో ఉంది. వైద్యుల దగ్గరికి వెళ్లినందుకు యేసు ఆమెను తప్పుపట్టలేదు. మీ మాట విని తన బాధ చెప్పుకోవడానికి ఎవరైనా స్త్రీ వస్తే, ఆమెకు టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. అది ఫోనులో మానసిక ఆరోగ్య సహాయం కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులో మాట్లాడవచ్చు.

మిర్యాలగూడ సహోదరుడు:
నేను కొంత భిన్నంగా ఆలోచిస్తాను. సాక్ష్యం దేవుడు చేసిన కార్యాన్ని గూర్చినది. మన గాయాలను విప్పి చూపడం ఈ మధ్య కొన్ని వేదికలపై ఒక అలవాటుగా మారింది (ఎంత ఏడిపిస్తే అంత గొప్ప సాక్ష్యం అన్నట్టు). గెత్సేమనేలో యేసు తన ప్రాణం మరణమగునంతగా దుఃఖంలో మునిగి ఉందని చెప్పుకున్నది పదకొండుగురు శిష్యులతో కాదు, వెంట తీసుకువెళ్లిన ముగ్గురితోనే. అదే మార్కు సువార్తలో "సేన" అనే దయ్యం వదిలిన గెరాసేనుల దేశపు మనిషిని ఇంటికి వెళ్లి చెప్పమన్న ప్రభువే, శుద్ధుడైన కుష్ఠరోగిని ఎవరితోనూ చెప్పవద్దని ఆజ్ఞాపించాడు. మీ జబ్బు మీది, దాన్ని చెప్పే హక్కు మీకుంది. మీ వారి తాగుడు ఆయన సంగతి. ఆయన ఒప్పుకోనిదే కెమెరా ముందు చెప్పడం నాకు న్యాయంగా తోచడం లేదు. రేపు ఆయన మారినా ఆ వీడియో అక్కడే ఉంటుంది.

పాలమూరు విశ్వాసి:
ఈ చివరి మాటతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే తాగుబోతుల ఇళ్లలోని స్త్రీలు నోరు మూసుకోవాలన్న అర్థం దీనికి రాకూడదు. ఇంట్లో దెబ్బలు, ప్రాణభయం ఉంటే అది సాక్ష్యానికి సంబంధించిన ప్రశ్నే కాదు, వెంటనే సహాయం అడగవలసిన విషయం. అక్కడ భర్త అనుమతితో పని లేదు. స్త్రీల హెల్ప్‌లైన్ 181 ఉన్నది అందుకే.

దేవరకొండ సోదరి:
అందరికీ కృతజ్ఞతలు. అటువంటి భయం మా ఇంట్లో లేదు. నా జబ్బును, మాత్రలను, రాత్రులు నాతో కూర్చుని ప్రార్థించిన మా పాస్టరమ్మగారి సంగతిని చెబుతాను. మా వారి విషయంలో "ఇంట్లో కష్టం ఉంది, ఇంకా ప్రార్థిస్తున్నాము" అనే ఒక్క మాటతో ఆగుతాను. నేను రాసుకున్నది ముందుగా ఆయనకే చదివి వినిపిస్తాను. లైవ్ ఆపమని అడిగితే అయ్యగారు ఏమనుకుంటారోనన్న సంకోచం ఒక్కటే మిగిలింది.

జడ్చర్ల నర్సు:
అడగండి అక్కా. మొత్తం లైవ్ ఆపనక్కర లేదు, మీరు మాట్లాడినంతసేపు ఆపితే చాలు. అడగడానికి మొహమాటంగా ఉంటే పాస్టరమ్మగారి ద్వారా చెప్పించండి. వారు ఒప్పుకోకపోతే ఆ రోజు పాట ఒకటి పాడి కూర్చోండి, సాక్ష్యం మరొకసారి పదిమంది స్త్రీలు ఉన్న ఇంటి కూడికలో చెప్పవచ్చు.