యెహోషువ 10లో సూర్యుడు ఆగడాన్ని అక్షరార్థంగా తీసుకోవాలా?

అందరికీ వందనాలు. సండే స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకి బైబిల్లోని యెహోషువ గ్రంథం 10వ అధ్యాయం చెబుతున్నాను. యుద్ధం జరుగుతుండగా యెహోషువ మాట మీద సూర్యుడు గిబియోనులో, చంద్రుడు అయ్యాలోను లోయలో ఆగారని 12, 13 వచనాల్లో ఉంది కదా, తిరిగేది భూమి అయితే సూర్యుణ్ణి ఆగమనడం ఏంటని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న, దాటేయడం నాకిష్టం లేదు. ప్రసంగి 1:5లో సూర్యుడు ఉదయిస్తాడు, అస్తమిస్తాడు అన్నది మనం రోజూ మాట్లాడే తీరే, దాంతో ఇబ్బంది లేదు. కానీ ఇక్కడ జరిగింది అద్భుతం, దీన్ని కూడా కంటికి కనిపించినట్టే రాశారు అనుకుంటే అద్భుతం తగ్గిపోతుందా? భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న గెలీలియోకి 1633లో శిక్ష వేసినప్పుడు చర్చి పెద్దలు ఇలాంటి వచనాలనే అక్షరార్థంగా పట్టుకున్నారు, పిల్లల్ని మళ్ళీ ఆ దారిలో పెట్టకూడదనే నా టెన్షన్. వాక్యాన్ని నమ్ముతూనే దీన్ని ఎలా వివరించాలో, బోధించే అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. వచ్చే ఆదివారమే క్లాసు.